పండకముందే డబ్బు కట్టడం దేనికి?

పోయిన సంచికలో పొలం వాటాల గురించి నాలుగు ముక్కలు రాశాను. అంటే సీజన్ మొదట్లోనే రైతుకి డబ్బు కట్టి, పండినదాంట్లో మన వంతు వారం వారం తీసుకునే పద్ధతి. ఇంగ్లీషులో దీన్ని ‘కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్’, పొట్టిగా సీఎస్ఏ అంటారు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు దాని మీదే. చేరాలా వద్దా అని అడిగినవాళ్లున్నారు, చేరాక చికాకు పడుతున్నవాళ్లున్నారు, వాటాలు మొదలుపెడదామనుకుంటున్న ఒక రైతు కూడా రాశారు. అందుకే శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. మా గుంపు వాటాలు వారానికోసారి మా ఇంటి వసారాలోనే పంచుతారు. తూకం, పేర్ల జాబితా, ఎవరూ రాక మిగిలిపోయిన సంచులు, అన్నీ నా కళ్లముందే జరుగుతాయి. పండించేవాళ్ల కష్టమూ తినేవాళ్ల ఇబ్బందీ రెండూ చూస్తాను కాబట్టి, కింది జవాబుల్లో ఒక్కో మాట ఒక్కో పక్కకి రుచించకపోవచ్చు.

ప్ర: అమ్మా, ఫోన్‌లో ఆర్డరిస్తే గంటలో కూరగాయలు గుమ్మంలోకి వస్తున్నాయి. సీఎస్ఏ అంటూ సీజన్ మొత్తానికీ ముందే డబ్బు కట్టమంటున్నారు. దీనివల్ల నాకు కొత్తగా ఒరిగేదేమిటి?
– ఒక గృహిణి

జ: డబ్బు ఏ రోజు చేతులు మారుతుందన్నదే తేడా అంతా. ఆర్డరిచ్చినప్పుడు కోసి, కడిగి, తూచిన సరుకుకి వెల కడుతున్నారు. వాటాదారుగా చేరితే విత్తనం భూమిలో పడకముందే కడుతున్నారు. కూరగాయలు పండించేవాళ్లకి ఖర్చులన్నీ ముందే వచ్చి పడతాయి. విత్తనాలు, నారు, ఎరువు, దుక్కి, కలుపు కూలీ, నీటి గొట్టాల మరమ్మతు. రాబడి మాత్రం కోతలు మొదలయ్యాకే. ఈ మధ్యకాలాన్ని చాలామంది అప్పు చేసి దాటతారు. మీరు ముందు కట్టే సొమ్ము ఆ అప్పు అవసరాన్ని తగ్గిస్తుంది. అందుకు బదులుగా ఆ సీజన్‌లో పొలం ఏమిస్తే అందులో మీ వంతు వారం వారం మీకు వస్తుంది. బాగా పండిన వారం సంచి బరువుగా ఉంటుంది, పండని వారం తేలిగ్గా ఉంటుంది.

మీకేం ఒరుగుతుందన్నారు. పొద్దున కోసినది చాలాచోట్ల ఆ సాయంత్రానికే మీ చేతికొస్తుంది. దూరప్రయాణానికి తట్టుకునే గట్టి తొక్క రకాలే వేయాలన్న ఒత్తిడి రైతుకి ఉండదు కాబట్టి, రుచి చూసి రకాన్ని ఎంచుకోవచ్చు. టమాటాని పచ్చిగా కోసి దారిలో పండబెట్టే పని ఉండదు. ఇవి నేను కళ్లారా చూసిన లాభాలు. అయితే చవకగా వస్తుందని చెప్పి మాత్రం ఎవరినీ చేర్చను. ఒకచోట బజారు కన్నా తక్కువ పడుతుంది, ఇంకోచోట ఎక్కువ పడుతుంది. చవక ఒక్కటే మీకు ముఖ్యమైతే ఇది మీకు నప్పదు.

ఈ పద్ధతి నిన్నమొన్న పుట్టింది కాదు. పురుగుమందుల భయం పెరిగిన రోజుల్లో జపాన్ గృహిణులు గుంపులుగా కూడి నేరుగా రైతులతో ఒప్పందాలు కుదుర్చుకున్నారు. దాన్ని వాళ్లు ‘తెయికెయి’ అంటారు. 1971లో అక్కడ సేంద్రియ వ్యవసాయ సంఘం ఏర్పడింది. 1978లో ఈ ఒప్పందాలకి పది సూత్రాలు రాసుకున్నారు. వాటిలో రెండింటిని నేను తరచూ అందరికీ గుర్తుచేస్తుంటాను. కలిసి అనుకున్న ప్రకారం పండించినదంతా తినేవాళ్లు తీసుకోవాలి. ధరని ఇద్దరూ కూర్చుని, ఒకరికొకరు సర్దుకుని తేల్చుకోవాలి. అమెరికాలో, అలబామాలోని టస్కిగీలో ఆచార్యుడిగా ఉన్న బుకర్ టి. వాట్లీ, నల్లజాతి చిన్న రైతులు భూమి పోగొట్టుకోకుండా నిలబడాలని, ముందే రుసుము కట్టే సభ్యుల్ని కూడగట్టుకోమని బోధించాడు. 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫామ్, న్యూహాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫామ్ ఇప్పుడు మనం సీఎస్ఏ అంటున్న పద్ధతిలో నడవడం మొదలుపెట్టాయి. 2001లో ఫ్రాన్స్‌లో ‘అమాప్’ అన్న పేరుతో ఇదే వచ్చింది. అక్కడ రైతుకీ సభ్యుడికీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉంటుంది, పంపిణీ రోజున సభ్యులే వంతులవారీగా పని చేస్తారు.

ప్ర: చేరాలని ఉంది కానీ ఒక్క భయం వెనక్కి లాగుతోంది. వాన ముంచినా, తెగులు తగిలినా నేను కట్టిన డబ్బు సంగతేమిటి? తిరిగిస్తారా?
– బ్యాంకు ఉద్యోగి

జ: మామూలుగా ఇవ్వరు. ఈ సంగతి చేరకముందే మీ మనసుకి ఎక్కాలి. పండితే పంచుకోవడం, పోతే కూడా పంచుకోవడం, ఈ రెండూ కలిస్తేనే వాటా. డబ్బు కట్టాక ఎవరైనా ఇది విని ఉలిక్కిపడితే తప్పు వాళ్లది కాదు, ముందుగా విడమర్చి చెప్పనివాళ్లది.

మీ భయాన్ని కొంత తగ్గించే విషయం ఒకటుంది. వాటాల కోసం పండించేవాళ్లు ఒకే పంట వేయరు. రకరకాల ఆకులు, కాయలు, దుంపలు వేరువేరు మళ్లలో, వేరువేరు తేదీల్లో వేస్తారు. ఒక తెగులు సాధారణంగా ఒక జాతి పంటల్నే పట్టుకుంటుంది. టమాటా, బంగాళాదుంపల్ని తినేసే లేట్ బ్లైట్ తెగులు ముల్లంగి జోలికి పోదు. 2009లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో తడి వాతావరణం తోడై ఆ తెగులు మామూలు కన్నా ముందే వ్యాపించింది. చాలా సీఎస్ఏ పొలాలు టమాటాని కోల్పోయాయి. సభ్యుల సంచుల్లో టమాటా లేదు, మిగతావి ఉన్నాయి. వడగళ్లు, వరద లాంటివి మాత్రం అన్నిటినీ ఒకేసారి తీసుకుపోగలవు. అలాంటి ఏడాది మీ డబ్బుకి తగ్గ కూరగాయలు రావు. ఆ సొమ్ము పోయినా మీ ఇల్లు తట్టుకోగలదా అని ముందు లెక్క చూసుకోండి. తట్టుకోలేదనుకుంటే సగం వాటా తీసుకోండి, లేదంటే నెలవారీగా కట్టనిచ్చే పొలం వెతకండి.

ఇక ఎవరి దగ్గర చేరాలన్నది. రైతుని నేను మొదట అడగమనే ప్రశ్న ‘ఏమేం పండిస్తారు’ అన్నది కాదు. ‘పోయిన సీజన్‌లో ఏది పోయింది?’ అని అడగండి. ఏమీ పోలేదని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. కూరగాయల సాగులో ఏమీ పోని సీజనంటూ నేనింతవరకూ చూడలేదు. ‘కీరాకి బూజు తగిలింది, రెండో విడత విత్తాం, అదీ అంతంతమాత్రమే, ఆ వారాల్లో ఆకుకూర ఎక్కువేశాం’ అని చెప్పే మనిషి మీకు తన పొలం లెక్క మొత్తం చూపిస్తున్నట్టే. ఆ తర్వాత అడగాల్సినవి ఉన్నాయి. ఎన్ని సీజన్లుగా సభ్యుల కోసం పండిస్తున్నారు, ఎందరు మళ్లీ చేరారు, పంట బాగా దెబ్బతింటే ఏం చేస్తామని కాగితం మీద రాశారు, కబురు ఎలా అందుతుంది. మళ్లీ చేరినవాళ్ల సంగతి తప్పకుండా అడగండి. పాత సభ్యుల్లో ఇద్దరితో మాట్లాడించమంటే మొహమాటపడకుండా మాట్లాడించాలి.

వీలైతే ఒకసారి పొలానికి వెళ్లండి. పండి కళకళలాడుతున్న మడి దగ్గరే ఆగిపోవద్దు, అది ఈ వారానిది. వచ్చే నెలది ఎక్కడుందో చూడండి. ఒకే ఆకుకూర ఒకచోట మొలక దశలో, ఇంకోచోట జానెడెత్తులో, మరోచోట కోతకి సిద్ధంగా కనబడితే వారం వారం ఇవ్వడం ఆ చేతులకి తెలుసన్నమాట. నారుమడి ఖాళీగా ఉంటే ఎందుకని అడగండి.

రైతు నిర్లక్ష్యం వేరు, ప్రకృతి చేసిన నష్టం వేరు. కలుపు తీయక, నీరు పెట్టక, సమయానికి విత్తక పోయిన పంటని సభ్యుల నెత్తిన వేయడం న్యాయం కాదు. ఈ రెండిటినీ విడదీసి చెప్పగలిగేది తరచూ వచ్చే కబురు ఒక్కటే. మొక్కకి తెగులు తగిలిన వారమే చెప్పే రైతుని సభ్యులు నమ్ముతారు. సంచి ఖాళీ అయ్యాక చెబితే నమ్మకం చచ్చిపోతుంది, దాన్ని మళ్లీ బతికించడం కష్టం.

ప్ర: మేం ఇద్దరమే, ఇద్దరం ఉద్యోగస్తులం. చేరిన మొదటి నెలలోనే సగం ఆకుకూరలు వాడిపోయి పారేశాం. అంత మంచి సరుకుని పారేయడం బాధగా ఉంది. మానేయమంటారా?
– కొత్తగా పెళ్లయిన జంట

జ: మానేయొద్దు. ముందు వాటా పరిమాణం మార్చండి. చాలా పొలాలు సగం వాటా ఇస్తాయి, కొన్ని రెండు వారాలకోసారి తీసుకునే వీలిస్తాయి. ఇద్దరున్న ఇంటికి, అందులోనూ రోజూ పొయ్యి వెలిగించని ఇంటికి, పూర్తి వాటా ఎక్కువే. సగం వాటా లేదంటే పక్కింటివాళ్లతో కలిసి ఒకటి తీసుకోండి.

రెండోది, సంచి ఇంటికొచ్చిన సాయంత్రం ఒక అరగంట దానికి కేటాయించండి. ఈ అరగంటే వారాన్ని కాపాడుతుంది. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌ల ఆకుని వెంటనే కోసి వేరు చేయండి. ఆకు దుంపతో కలిసే ఉంటే దుంపలోని తేమనంతా లాగేస్తుంది, రెండు రోజుల్లో దుంప మెత్తబడుతుంది. కోసిన ఆకు లేతగా ఉంటే అదీ కూరకి పనికొస్తుంది. ఆకుకూరలకి తేమ కావాలి, తడి మాత్రం పనికిరాదు. కడిగితే పూర్తిగా ఆరబెట్టి, పొడి బట్టలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఆరబెట్టే తీరిక లేకపోతే కడగకుండానే బట్టలో చుట్టి పెట్టి, వండేముందు కడగండి.

టమాటాని ఫ్రిజ్‌లో పెట్టవద్దు. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే దాని వాసన, రుచి తగ్గిపోతాయి. బాగా పండిపోయి ఇక ఆగదనుకున్నప్పుడు మాత్రం పెట్టండి. కీరాకి కూడా మరీ చలి పడదు, తొక్క మీద నీటి మచ్చలొస్తాయి. పండిన అరటి, యాపిల్, టమాటాల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. వాటి పక్కన ఆకుకూర పెడితే త్వరగా పసుపెక్కుతుంది. బంగాళాదుంపలకి చీకటి కావాలి. వెలుతురు తగిలి పచ్చబడిన భాగం చేదెక్కుతుంది, అది తినకూడదు. ఉల్లిపాయల్ని వాటికి దూరంగా, గాలి ఆడేచోట ఉంచండి. గుమ్మడికాయ తొడిమతో, దెబ్బ తగలకుండా ఉంటే వారాల తరబడి ఆగుతుంది. దాన్ని చూసి తొందరపడకండి.

ఇక వండే వరస. మొదటి రెండు మూడు రోజులు ఆకులు, ఆ తర్వాత కాయలు, చివరికి దుంపలు. ‘ఏం వండాలి’ అని మొదలుపెట్టి కూరగాయ వెతుక్కునే అలవాటు మనది. వాటా తీసుకున్నాక ‘ఏముంది’ అని మొదలుపెట్టాలి. వంటింట్లో ఈ మార్పు రావడానికి ఒక సీజన్ పడుతుంది. మొదటి నెల చూసి మీరు పనికిరారని తేల్చుకోకండి.

ప్ర: నచ్చని కూరగాయ వద్దనొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని

జ: పొలాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల కావలసినవి ఎంచుకోనిస్తారు, కొన్నిచోట్ల అందరికీ ఒకటే సంచి. మా వసారాలో సంచుల పక్కన ఒక మార్పిడి బుట్ట ఉంటుంది. వద్దనుకున్నది అందులో వేసి, ఇంకొకరు వేసినది తీసుకోవచ్చు. మీ దగ్గర అలాంటిది లేకపోతే పెట్టించండి, ఒక ఖాళీ బుట్ట చాలు. కాకపోతే తెలియని కూరగాయని ఒక్కసారైనా వండి చూశాకే బుట్టలో వేయమని మా వాళ్లందరికీ చెబుతుంటాను.

ప్ర: మేడమ్, మా సంచిలో వస్తున్న కూరగాయలు కొన్ని మార్కెట్లో కొన్నవేమోనని అనుమానంగా ఉంది. అన్నీ ఒకే సైజులో, నిగనిగలాడుతూ ఉంటున్నాయి. అడిగితే రైతు నొచ్చుకుంటాడేమో.
– ఒక ఉపాధ్యాయుడు

జ: అడగండి. మీరు వినియోగదారు మాత్రమే కాదు, ఆ సీజన్‌లో భాగస్తులు. భాగస్తులు అడిగే హక్కుని మొహమాటంతో వదులుకుంటే పద్ధతే పాడైపోతుంది.

అయితే నిగనిగలాడటం ఒక్కటే రుజువు కాదు. మంచి విత్తనం, సరైన నీరు ఉంటే సొంత పొలంలోనూ చూడముచ్చటగా పండుతాయి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. మీ పక్క పొలాల్లో ఆ పంట సీజన్ ముగిసిపోయినా మీ సంచిలో వస్తోందా? కాయ మీద స్టిక్కరు, మైనపు పూత కనబడుతున్నాయా? పొలానికి వెళ్లినప్పుడు కనబడని పంట సంచిలో కనబడుతోందా? ఇవి ఉంటే అనుమానానికి ఆధారం ఉన్నట్టే.

బయటి నుంచి తెచ్చి ఇవ్వడం దానంతటది తప్పు కాదు. ఒక రైతు దగ్గర ఉల్లి లేకపోతే పొరుగు రైతు దగ్గర తెచ్చి, ‘ఇది ఫలానా పొలంది’ అని చెప్పి ఇస్తే అందరికీ మేలే. కొన్ని గుంపుల్లో నలుగురైదుగురు రైతులు కలిసే వాటాలు నింపుతారు, అది మొదటే చెబుతారు. ఫ్రాన్స్‌లోని అమాప్‌ల ఒప్పందమైతే రైతు తన పొలంలో పండినదే ఇవ్వాలన్న నియమం మీదే నిలబడింది. తప్పల్లా చెప్పకుండా కలపడంలో ఉంది. ఎక్కడో ఎవరో పండించినది కొని, తన పొలంది అని ఇస్తే, మీరు ముందు కట్టిన డబ్బుకి అర్థం పోతుంది.

అందరి ముందూ నిలదీయకండి. పంపిణీ అయ్యాక పక్కకి పిలిచి, ‘ఈ వారం సంచిలో మన పొలంవి ఏవి, బయటివి ఏవి?’ అని మామూలుగా అడగండి. నిజాయితీగా ఉన్న రైతు ఈ ప్రశ్నకి నొచ్చుకోడు. ప్రతివారం సంచితో పాటు చిన్న చీటీ పెట్టి, ఏ కూర ఏ పొలందో రాయమని గుంపు తరఫున కోరండి. జవాబు దాటేస్తూ ఉంటే, ఈ సీజన్ పూర్తిచేసి వచ్చే సీజన్‌కి వేరే పొలం చూసుకోండి.

ప్ర: మాది చిన్న జీతం. పిల్లలకి మంచి కూరగాయలు పెట్టాలని ఉంది. ఒకేసారి అంత కట్టలేను. ఇది ఉన్నవాళ్ల కోసమేనా?
– ముగ్గురు పిల్లల తల్లి

జ: అమ్మా, మీ ఉత్తరం నేను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఉన్నవాళ్ల కోసమే అయిపోతే ఇందులో నేను ఉండను.

జర్మనీలో హాంబర్గ్‌కి దగ్గర్లో బుష్‌బెర్గ్‌హోఫ్ అనే పొలం 1988 నుంచి ఇలా నడుస్తోంది. అక్కడి పద్ధతి ఆ తర్వాత ఎన్నో పొలాలకి దారి చూపింది. ఏడాది మొదట్లో పొలం ఖర్చంతా లెక్కగట్టి సభ్యుల ముందు పెడతారు. ఎవరు ఎంత ఇవ్వగలరో కాగితం మీద రాసిస్తారు. మొత్తం ఖర్చుకి చాలకపోతే మళ్లీ ఇంకో విడత రాస్తారు. ఎక్కువ ఇచ్చినవారికీ తక్కువ ఇచ్చినవారికీ కూరగాయల్లో తేడా ఉండదు. టెంపుల్-విల్టన్‌లోనూ మొదటి నుంచీ ఇదే నడవడి. మనుషులు ఇలా చేయగలరా అని అడుగుతారు. చేస్తున్నారు.

మీరున్న చోట అంత పెద్ద ఏర్పాటు లేకపోవచ్చు. అయినా అడగడానికి మూడు దారులున్నాయి. వాయిదాల్లో కట్టనివ్వమని అడగండి, చాలా పొలాలు ఒప్పుకుంటాయి. పని వాటా ఉందేమో అడగండి. వారానికి కొన్ని గంటలు కోతలోనో, సంచులు నింపడంలోనో సాయపడితే రుసుము తగ్గిస్తారు. కాకపోతే ఎన్ని గంటలు, ఏ పని, ఎంత తగ్గింపు అన్నది మొదటే రాయించుకోండి. లెక్క లేని పనికి హద్దుండదు. మూడోది, సభ్యులు రాక మిగిలిన సంచులు ఏమవుతున్నాయో కనుక్కోండి. వాటిని సగం ధరకి ముందే ఒకరికి కేటాయించమంటే రైతుకీ మంచిదే. నోరు విప్పడానికి సిగ్గుపడకండి. మీలాంటివాళ్లు అడిగినప్పుడే గుంపులు ఈ ఏర్పాట్ల గురించి ఆలోచిస్తాయి.

ప్ర: సేంద్రియ ధ్రువపత్రం లేని పొలంలో చేరొచ్చా?
– విశ్రాంత ఉద్యోగి

జ: చేరొచ్చండీ. సీఎస్ఏ అంటే డబ్బు కట్టే పద్ధతి, సేంద్రియం అంటే పండించే పద్ధతి. రెండూ కలిసి ఉండాలన్న నియమం లేదు, చాలాచోట్ల కలిసే ఉంటాయి. ధ్రువపత్రానికి ఖర్చూ కాగితాల పనీ ఎక్కువ. రసాయనాలు మానేసిన నేలకి కూడా పత్రం రావడానికి చాలా దేశాల్లో రెండు మూడేళ్లు ఆగాలి. ఆ మధ్యకాలంలో ఉన్న రైతుకే సభ్యుల అండ ఎక్కువ అవసరం. కొన్నిచోట్ల రైతులూ సభ్యులూ కలిసి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే భాగస్వామ్య హామీ పద్ధతి ఉంది. ఏదీ లేకపోతే నేరుగా అడగండి: పురుగు పట్టినప్పుడు ఏం కొడతారు, కొట్టాక ఎన్ని రోజులకి కోస్తారు? ‘ఏమీ కొట్టం’ అన్న ఒక్క మాటతో ఊరుకోకుండా, మరి పురుగుని ఎలా ఆపుతారో కూడా చెప్పించుకోండి.

ప్ర: అక్కా, నాకు రెండెకరాలుంది. ఇన్నాళ్లూ టమాటా ఒక్కటే వేసి మార్కెట్‌కి తోలాను. నలభై కుటుంబాలు వాటాలకి సిద్ధంగా ఉన్నాయి. అందర్నీ ఒకేసారి చేర్చుకోనా?
– ఒక యువ రైతు

జ: తమ్ముడూ, వద్దు. ఈ ఏడు పదిమందితో మొదలుపెట్టు. మిగతా నేలలో నీకు చేతనైన టమాటా వేసి ఎప్పటిలాగే అమ్ముకో.

నీ శక్తిని తక్కువ చేసి చెప్పడం లేదు. ఒక పంటని ఎకరాల్లో పండించడం ఒక విద్య. ఇరవై పంటల్ని చిన్న చిన్న మళ్లలో, ఏ వారానికి ఏది కోతకొస్తుందో లెక్కగట్టి పండించడం పూర్తిగా వేరే విద్య. ముల్లంగి నెల రోజుల్లోపే చేతికొస్తుంది, ఆలస్యమైతే బెండు పడుతుంది. కాబట్టి పది పద్నాలుగు రోజులకోసారి కొంచెం కొంచెం విత్తాలి. లేత ఆకుకూరలకీ అంతే. క్యాబేజీ నాటాక రెండు మూడు నెలలు తీసుకుని అంతా ఒకేసారి సిద్ధమవుతుంది, అందుకని నాటడమే విడతలుగా జరగాలి. టమాటా, వంకాయ ఒకసారి నాటితే వారాల తరబడి కాస్తాయి. ఇవన్నీ ఒక కాగితం మీద పంపిణీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఆరోవారం సంచిలో ముల్లంగి ఉండాలంటే ఎప్పుడు విత్తాలి, అప్పటికి ఏ మడి ఖాళీ అవుతుంది? ఆ కాగితం తయారుకాకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. ప్రతి పంటలో కొంత పోతుందని ముందే అనుకుని, అవసరానికి మించి విత్తు.

ధర విషయంలో చాలామంది రైతులు మార్కెట్ రేటు చూసి వాటా వెల కడతారు. అలా చేయొద్దు. నీ ఏడాది ఖర్చంతా రాయి. అందులో నీ కూలీ, ఇంట్లోవాళ్ల కూలీ, నేల కౌలు, పనిముట్ల అరుగుదల కూడా ఉండాలి. ఆ మొత్తాన్ని వాటాల సంఖ్యతో భాగించు. మొత్తం వంద భాగాలై, యాభై వాటాలుంటే ఒక్కో వాటాకి రెండు భాగాలు. సభ్యులకి ఈ లెక్క చూపించు. ఇంట్లోవాళ్ల కూలీని వదిలేసి తక్కువ వెల చెప్పిన రైతులు రెండు మూడేళ్లలో అలసిపోయి ఆపేయడం చూశాను. సభ్యులకి వచ్చే ఏడాది కూడా నువ్వు కావాలి.

ముందు వచ్చిన డబ్బంతా మొదటి నెలలోనే ఖర్చు చేయకు. సీజన్ మధ్యలో మళ్లీ విత్తాల్సి వస్తే కొంత చేతిలో ఉండాలి. ప్రతివారం ఏది ఎన్ని కిలోలు కోశావో రాసుకో, వచ్చే ఏడు ఎంతమందిని చేర్చుకోవచ్చో ఆ పుస్తకమే చెబుతుంది. వారానికొకసారి సభ్యులకి నాలుగు మాటలు పంపు. ఏది పూతకొచ్చింది, దేనికి తెగులు పట్టింది, వచ్చే వారం ఏమొస్తుంది. రాయడం ఇబ్బందైతే గొంతుతో చెప్పి పంపు. మా గుంపులో జనం ఎదురుచూసేది ఆ మాటల కోసమే. ‘వాన తగ్గలేదు, బెండ చేను నీళ్లలో ఉంది’ అని ముందే విన్నవాళ్లెవరూ బెండకాయ ఏదని నన్ను అడగలేదు.

మిగతా ముప్ఫై కుటుంబాలకీ నిజం చెప్పు, పేర్లు రాసుకో. మంచి కూర కోసం ఏడాది ఆగడానికి జనం ఒప్పుకుంటారు.

ప్ర: సీజన్ మధ్యలో రెండు వారాలు ఊళ్లో ఉండం. ఆ వాటా డబ్బు తగ్గిస్తారా?
– ఒక పాఠకురాలు

జ: తగ్గించరు, ఎందుకంటే మీ వంతు పంట మీరున్నా లేకున్నా పండుతుంది. కొన్ని పొలాలు ఆ వాటాని ముందువారం కలిపి ఇస్తాయి, లేదా తర్వాతి వారానికి జరుపుతాయి. కోతకి ముందురోజైనా చెబితే దుంపలు, కాయలు కొన్ని చేలోనే ఉంచవచ్చు. కోసేశాక చెబితే వాటిని ఎవరో ఒకరు తినాల్సిందే. అందుకని చుట్టాలకో స్నేహితులకో ఆ రెండు సంచులూ తీసుకోమని చెప్పి, వాళ్ల పేరూ ఫోన్ నంబరూ పంపిణీ జాబితాలో మీ పేరు పక్కన రాయించి వెళ్లండి.